జనవరి 1 నుంచి బైబిలు మొత్తం: ఏ ప్రతి కొనాలి, ఏ పట్టిక పట్టుకోవాలి

క్రిస్మస్ వారం వచ్చిందంటే హనుమకొండ, కాజీపేట, వరంగల్ చర్చి ఆవరణల్లో బల్లలు వెలుస్తాయి. వాటి మీద జిప్పు కవరు బైబిళ్లు, గోడ క్యాలెండర్లు, వాగ్దాన కార్డుల డబ్బాలు, డైరీలు, సంవత్సరంలో బైబిలు పూర్తిచేసే పట్టికలు ఉంటాయి. కొత్త ఏడాది నుంచి వాక్యం క్రమంగా చదవాలని గట్టిగా అనుకున్నవాళ్లు ఆ బల్ల దగ్గరే డబ్బు పెడతారు. ఈ సమీక్ష వాళ్లకోసం. ఆ సరుకుల్లో ఏది 12 నెలలు రోజూ వాడితే నిలుస్తుంది, ఏది ఎక్కడ మొరాయిస్తుంది అన్నదే ఇక్కడ చూశాం.

ఒక మాట ముందే చెప్పాలి. జనవరిలో మొదలైన చదువు ఫిబ్రవరిలో ఆగిపోతే చాలామంది తమ భక్తి తగ్గిపోయిందని కుమిలిపోతారు. చాలాసార్లు కారణం అది కాదు. అక్షరం చిన్నది, పట్టికలో ఖాళీ రోజు లేదు, లేవీయకాండము ఒంటరిగా ఎదురైంది. ఈ మూడింటినీ కొనే రోజునే సరిచేసుకోవచ్చు.

ప్రతి: ముందు వెన్ను చూడండి, తర్వాత అక్షరం

బైబిలు చేతికి తీసుకోగానే అందరూ కవరు తడిమి చూస్తారు. చూడాల్సింది వెన్ను. పుస్తకం మూసి పట్టుకుని, పైఅంచు నుంచి వెన్నులోకి చూడండి. కాగితాలు చిన్న చిన్న మడతల కట్టలుగా కనిపిస్తే అది కుట్టు బైండింగు. ఒకటే చదునుగా, జిగురు పూత మెరుస్తూ కనిపిస్తే అంటించిన బైండింగు. ఇంకా అనుమానం ఉంటే ఒక కట్ట మధ్య పేజీ తెరవండి, మడతలో దారం కనబడాలి. ఆదికాండము 1వ అధ్యాయం తెరిచి బల్ల మీద పెడితే పుస్తకం చేయి ఆనించకుండానే తెరుచుకుని ఉండాలి. ప్రకటన 22 దగ్గర కూడా అంతే. జిగురు బైండింగు మొదటి ఆరు నెలలు బాగానే ఉంటుంది. ఏప్రిల్, మే నెలల్లో 40 డిగ్రీలు దాటే మన ఎండకు, అందులోనూ బండి డిక్కీలో పెట్టి తిప్పితే, జిగురు మెత్తబడి మళ్లీ గట్టిపడి పగులుతుంది. ముందుగా ఊడేవి ఎక్కువ తెరిచే చోట్లే, అంటే కీర్తనలు, మత్తయి.

తర్వాత అక్షరం. తెలుగు అక్షరానికి పైన గుడి, కింద వత్తు ఉంటాయి కాబట్టి వరుసకూ వరుసకూ మధ్య చోటు ఎక్కువ కావాలి. చేతిలో ఇమిడే చిన్న సైజు ముద్రల్లో ఆ చోటు మిగలదు. పై వరుసలోని వత్తు కింది వరుసలోని గుడిని తాకుతుంది. 'స్త్రీ' అన్న మాట వెతికి చూడండి, 'త' వత్తూ 'ర' వత్తూ విడివిడిగా కనబడుతున్నాయా, నల్లటి చుక్కలా కలిసిపోయాయా? కలిసిపోతే ఆ ప్రతి ఎంత అందంగా ఉన్నా బల్ల మీదే పెట్టేయండి. ఇంకో పరీక్ష ఎస్తేరు 8:9. బైబిల్లో అన్నిటికన్నా పొడవైన వచనం అది. దాన్ని దుకాణం వెలుతురులోనే, మామూలుగా పుస్తకం పట్టుకునే దూరంలో పెట్టి, పైకి చదవండి. వరుస తప్పకుండా, కళ్లు చిట్లించకుండా చదవగలిగితే ఆ అక్షరం మీకు సరిపోతుంది. 40 ఏళ్లు దాటినవాళ్లు అక్షరం సైజు 11 పాయింట్లకు తక్కువ ఉన్న ముద్ర తీసుకోకపోవడమే మంచిది. అవ్వకో తాతకో కొంటుంటే వాళ్లను వెంట తీసుకెళ్లండి, వాళ్ల కళ్లద్దాలు కూడా. పెద్దక్షరాల ప్రతి బరువే, ఒడిలో పెట్టుకుని గంట చదవడం కష్టం. తలగడ మీద పెట్టుకుని చదివితే ఆ ఇబ్బంది తీరిపోతుంది.

జిప్పు కవరు గురించి మా మాట సూటిగా ఇదీ: వద్దు. దుమ్ము, వాన నుంచి కాపాడుతుందన్న మాట నిజమే. కానీ మూసిన ప్రతిసారీ జిప్పు పళ్లు పేజీల మూలలను నలుపుతాయి, గుర్తు రిబ్బను ఏదో ఒక రోజు ఇరుక్కుని తెగుతుంది, ఏడాది తిరిగేలోగా జిప్పు పనిచేయడం మానేస్తుంది. బటను మడత కవరు చాలు, లేదా గట్టి అట్ట ప్రతికి విడిగా గుడ్డ సంచి కుట్టించుకోండి. అంచున అర్ధచంద్రాకారంలో కోసిన సూచికలు చూడ్డానికి బాగుంటాయి, చదివే కొద్దీ చిరుగు మొదలయ్యేది అక్కడే. తర్వాత అంటించుకునే స్టిక్కరు సూచికలకు ఎండాకాలంలో జిగురు బయటికి ఊరుతుంది, రెండు పేజీలు కలిసి అతుక్కుపోతాయి. 66 పుస్తకాల వరుస నోటికి వచ్చేస్తే ఈ రెండూ అక్కర్లేదు. పిల్లలకు వేసవి సెలవుల్లో నేర్పేది అదే కదా.

ప్రభువు మాటలు ఎర్రక్షరాల్లో ఉన్న ముద్రలు కొందరికి ఇష్టం. పగటి వెలుతురులో బాగుంటాయి. రాత్రి మసక బల్బు కింద పాలిపోయి కనబడతాయి. తెల్లవారుజామున చదివే అలవాటున్నవాళ్లు నలుపు ముద్రే తీసుకోవాలి.

కొత్త ప్రతి ఇంటికి తెచ్చాక చేయాల్సిన పని ఒకటుంది, దాదాపు ఎవరూ చేయరు. పుస్తకం వెన్ను బల్లకు ఆనించి నిలబెట్టండి. ముందు అట్ట మెల్లగా కిందికి దించండి, తర్వాత వెనక అట్ట. ఆపైన ముందునుంచి పదిహేను, ఇరవై కాగితాలు, వెనకనుంచి అన్నే, మార్చి మార్చి దించుతూ, ప్రతిసారీ లోపలి మడత వెంట వేలితో పైనుంచి కిందికి తేలిగ్గా ఒత్తండి. అలా మధ్యకు చేరాలి. పది నిమిషాల పని. ఇది చేయకుండా మొదటి రోజే మధ్యకు విరిచి తెరిస్తే వెన్ను అక్కడ పగులుతుంది, ఆ తర్వాత పుస్తకం ఎప్పుడూ అక్కడే తెరుచుకుంటుంది. బంగారు అంచు ఉన్న ప్రతుల్లో పేజీలు ఒకదానికొకటి అంటుకుని ఉంటాయి, గోటితో లాగకుండా ఇలా తెరిస్తే వాటంతట అవే విడతాయి.

బైబిలు కాగితం నోట్‌బుక్ కాగితంలో సుమారు సగం మందమే. జెల్ పెన్ను సిరా అవతలికి దిగుతుంది, తడి హైలైటరు ఇంకా అధ్వానం. బాల్‌పెన్ను గట్టిగా పట్టి గీస్తే అవతలి పేజీలో గీత ఉబ్బుతుంది. రంగు పెన్సిలే మేలు, పసుపు ఒకటి, ఎరుపు ఒకటి చాలు.

అనువాదం

మన ప్రొటెస్టంటు సంఘాల్లో ఎక్కువగా చదివేది బైబిల్ సొసైటీ ఆఫ్ ఇండియా అచ్చువేసే పాత అనువాదం. 'సృజించెను', 'యొద్దకు', 'భూమ్యాకాశములు' లాంటి గ్రాంథిక భాష అందులో ఉంటుంది. పాస్టరు గారు ప్రసంగంలో ఎత్తిచూపేది, అవ్వ నోట కంఠస్థంగా వచ్చేది, పాటల్లో వినబడేది అదే భాష. కాబట్టి వాక్యం మనసులో నాటుకోవాలంటే దానికి సాటి లేదు. అయితే ఇంగ్లిషు మీడియంలో చదివిన పిల్లలు యెషయా దగ్గరకొచ్చేసరికి వాక్యం మొదలు చివర పట్టుకోలేక జారిపోతారు. వాళ్లకు సులభ భాషలో వచ్చిన 'పవిత్ర బైబిల్' గానీ, ఇండియన్ రివైజ్డ్ వెర్షన్ గానీ, తెలుగు సమకాలీన అనువాదం గానీ పక్కన ఉండాలి. రెండూ కలిపి వాడే పద్ధతి ఇది: ప్రవక్తల గ్రంథాలు, అపొస్తలులు రాసిన పత్రికలు (లేఖలు) ముందు సులభ భాషలో ఒకసారి, వెంటనే పాత అనువాదంలో ఒకసారి. కీర్తనలు, సువార్తలు మాత్రం పాత అనువాదంలోనే చదివించండి. కొంచెం తడబడినా ఆ లయ చెవికి అలవాటు కావాలి.

కతోలిక కుటుంబాలు కొనేటప్పుడు 73 గ్రంథాల కతోలిక బైబిలే తీసుకోవాలి. తోబితు, యూదితు, మక్కబీయులు, సొలోమోను జ్ఞానం లాంటివి 66 పుస్తకాల ప్రతిలో ఉండవు, పూజలో ఆ పఠనాలు వచ్చినప్పుడు ఇంట్లో వెతుక్కోవాల్సి వస్తుంది. ఫాతిమానగర్ కెతెడ్రల్‌కు గానీ విచారణ గుడికి గానీ వెళ్లేవాళ్లకు జనవరి 1 దేవమాత పండుగ. 1968 నుంచి అదే రోజు ప్రపంచ శాంతి దినం కూడా. పూజా సంవత్సరం మొదలయ్యేది మాత్రం క్రిస్మస్‌కు ముందొచ్చే ఆగమన కాలపు మొదటి ఆదివారం. ఆదివారపు పఠనాలు మూడేళ్ల చక్రంలో, మామూలు రోజులవి రెండేళ్ల చక్రంలో తిరుగుతాయి. కాబట్టి వాళ్లకు వేరే పట్టిక అక్కర్లేదు, రోజువారీ పూజ పఠనాలనే ఇంట్లో పట్టుకుంటే గుడీ ఇల్లూ ఒకే దారిలో నడుస్తాయి.

పట్టిక: అసలు పని ఇక్కడే

బైబిల్లో 1189 అధ్యాయాలు. పాత నిబంధన 929, కొత్త నిబంధన 260. బజారులో దొరికే పట్టికల్లో ఎక్కువ భాగం ఒకటే లెక్క మీద నడుస్తాయి: సోమవారం నుంచి శనివారం దాకా రోజుకు 3, ఆదివారం 5. వారానికి 23, 52 వారాలకు 1196. లెక్క సరిగ్గా సరిపోతుంది. సరిపోవడమే దాని లోపం. ఆ 52 వారాల్లో మిగులు 7 అధ్యాయాలే. సంక్రాంతికి బంధువులొస్తారు, ఒక జ్వరం వస్తుంది, ఒక పెళ్లికి ఊరెళ్లాల్సి వస్తుంది. మూడు రోజులు తప్పితే 9 అధ్యాయాల బాకీ. ఆ బాకీ తీర్చుకుందామని కూర్చునే సరికి, ఆదినుంచి వరుసగా చదివేవాళ్లకు, జనవరి 28 ప్రాంతంలో లేవీయకాండము ఎదురవుతుంది. అంతకుముందే నిర్గమకాండము చివర ప్రత్యక్షపు గుడారపు పలకలు, కమ్ములు, తెరల కొలతలు చదివి అలిసి ఉంటారు. ఆగేది అక్కడే.

రాబర్ట్ ముర్రే మెక్‌షేన్ పట్టిక ఇంకో రకం. స్కాట్లాండులోని డండీలో కాపరిగా ఉన్న ఆయన 1842లో తన సంఘం కోసం దాన్ని తయారుచేశారు, మరుసటి ఏడాదే 29 ఏళ్ల వయసులో కన్నుమూశారు. జనవరి 1న ఆదికాండము 1, ఎజ్రా 1, మత్తయి 1, అపొస్తలుల కార్యములు 1 అని నాలుగు చోట్లనుంచి ఒకేసారి మొదలవుతుంది. ఏడాదిలో పాత నిబంధన ఒకసారి, కొత్త నిబంధన, కీర్తనలు రెండేసిసార్లు పూర్తవుతాయి. రెండు కుటుంబంతో, రెండు ఒంటరిగా అన్నది ఆయన ఉద్దేశం. ఇప్పటికే ఒకసారి బైబిలు పూర్తిచేసినవాళ్లకు ఇంతకన్నా మంచి పట్టిక లేదు. మొదటిసారి చదివేవాళ్లకు నాలుగు కథలు నాలుగు దిక్కులా లాగుతాయి, పైగా ఖాళీ రోజు ఒక్కటీ లేదు.

మేం గట్టిగా చెప్పేది 25 రోజుల పట్టిక. నెలలో 1 నుంచి 25 వరకు రోజుకు 4 అధ్యాయాలు, 26 నుంచి నెలాఖరు దాకా ఖాళీ. 25 చొప్పున 12 నెలలకు 300 రోజులు, 4 చొప్పున 1200 అధ్యాయాలు. 11 మిగులు. ఫిబ్రవరిలో 3 ఖాళీ రోజులు, 31 ఉన్న నెలల్లో 6. తప్పినవి ఆ ఖాళీల్లో చదువుకోవచ్చు. ఏదీ తప్పకపోతే ఆ నెలలో మనసును తాకిన అధ్యాయాన్ని మళ్లీ నెమ్మదిగా చదవొచ్చు.

ఆ నాలుగింటిని 3 పాత నిబంధన, 1 కొత్త నిబంధన అని విడగొట్టుకోవాలి. అచ్చు పట్టిక దొరక్కపోతే ఒక తెల్ల కాగితం మీద అరగంటలో గీసుకోవచ్చు. దాన్ని చివరిదాకా వేసి చూస్తే ఇలా వస్తుంది. లేవీయకాండము ఫిబ్రవరి 6న మొదలై 14న అయిపోతుంది, తొమ్మిదే రోజులు, పక్కన రోజూ మార్కు సువార్త తోడు. ఫిబ్రవరి 9న లేవీయకాండము 11, ఏది తినదగినది, ఏది అపవిత్రం అన్న అధ్యాయం. మరుసటి రోజు 13 నుంచి 15 వరకు కుష్ఠు, శుద్ధి గురించిన విధులు. ఆ 10వ తేదీనే మార్కు 7 వస్తుంది. మనిషిని అపవిత్రం చేసేది లోపలికి పోయేది కాదు, హృదయంలోంచి బయటికొచ్చేదని ప్రభువు చెప్పే అధ్యాయం అది. ఎంతో కష్టమనుకున్న పేజీలకు జవాబు అదే రోజు, అదే కూర్చోవడంలో దొరుకుతుంది. లేవీయకాండము ఒంటరిగా చదివినవాళ్లకు ఈ భాగ్యం ఉండదు.

లేవీయకాండానికి ఒక చిన్న సిద్ధపాటు: మొదటి 5 అధ్యాయాల్లో వచ్చే అర్పణల పేర్లు ముందే అట్ట లోపలివైపు రాసి పెట్టుకోండి. 1 దహనబలి, 2 నైవేద్యము, 3 సమాధానబలి, 4 పాపపరిహారార్థబలి, 5 అపరాధపరిహారార్థబలి. ఈ ఐదు పేర్లు కలగాపులగం కావడమే అక్కడ అసలు చిక్కు.

ఇంకో రెండు గట్టి చోట్లున్నాయి. మే 13 నుంచి 16 వరకు 1 దినవృత్తాంతములు మొదటి 9 అధ్యాయాలు, అన్నీ పేర్లే. ఎండలు మండే రోజులు కూడా. పక్కన అపొస్తలుల కార్యములు 24 నుంచి 27, పౌలు విచారణలు, చివరి రోజున ఓడ బద్దలవడం. పేర్లున్న రోజుల్లో ముందు కార్యములు చదివి తర్వాత దినవృత్తాంతములు తీయండి. ఆ పేర్లను మౌనంగా దాటేయకుండా పైకి చదవండి. 4వ అధ్యాయంలో యబ్బేజు ప్రార్థన హఠాత్తుగా ఎదురవుతుంది, కళ్లు పరిగెత్తిస్తే అది కనబడదు. రెండోది డిసెంబర్ 1 నుంచి 3 వరకు, యెహెజ్కేలు 40 నుంచి 48, మందిరపు కొలతలు. కాగితం మీద ఒక చతురస్రం గీసుకుని గుమ్మాలు గుర్తుపెట్టుకుంటూ చదివితే మూడు రోజులు ఇట్టే గడుస్తాయి.

కీర్తనలు జూలై 10న మొదలై సెప్టెంబర్ 10న ముగుస్తాయి, వానకాలమంతా అవే. ఆగస్టు 24 మీద పట్టికలో గుర్తు పెట్టుకోండి. ఆ రోజు 117, 118, 119 కీర్తనలు. రెండే వచనాలున్న బైబిల్లోకెల్లా చిన్న అధ్యాయం, 176 వచనాలున్న పెద్ద అధ్యాయం ఒకే రోజు. 119వ కీర్తన అంతా దేవుని వాక్యం గురించే. ఆ రోజు కొత్త నిబంధన భాగం 2 తిమోతి 3, లేఖనమంతా దైవావేశం వల్ల కలిగిందని పౌలు రాసిన అధ్యాయం. కావాలని కూర్చింది కాదు, లెక్క అలా పడింది. ఆ రోజుకు మాత్రం 45 నిమిషాలు కేటాయించుకోవాలి. మామూలు రోజుల్లో నాలుగు అధ్యాయాలకు మౌనంగా అయితే 15 నుంచి 20 నిమిషాలు, పైకి చదివితే 25 దాకా పడుతుంది.

కొత్త నిబంధన నవంబర్ 10న ప్రకటన 22తో పూర్తవుతుంది. ఆ తర్వాత నాలుగూ పాత నిబంధనే. మలాకీ చివరి అధ్యాయం, ఆరే వచనాలు, డిసెంబర్ 23న ఒక్కటే మిగులుతుంది. నీతిసూర్యుడు ఉదయిస్తాడన్న మాట చదివిన రెండో రోజే క్రిస్మస్.

మధ్యలో పది రోజులు తప్పిపోతే ఏం చేయాలి? వెనక్కి వెళ్లి బాకీ తీర్చే పని పెట్టుకోవద్దు. తప్పిన భాగానికి పెన్సిలుతో గీత గీసి ఈరోజు తేదీ నుంచే అందుకోండి. గీత గీసిన భాగాలు నెలాఖరు ఖాళీల్లో, ఇంకా మిగిలితే డిసెంబర్ 26 తర్వాత. జనవరి 1న మొదలుపెట్టలేకపోయినవాళ్లకు జనవరి 6 కూడా మంచి రోజే, అది ప్రత్యక్షత పండుగ (ఎపిఫనీ). డోర్నకల్ ఎపిఫనీ కెతెడ్రల్‌ను 1939లో ఆ రోజునే ప్రతిష్ఠించారు, పేరు అందుకే వచ్చింది. తప్పిన 5 రోజులు ఆ నెలాఖరులో సరిపోతాయి.

షిఫ్టు డ్యూటీ ఉన్నవాళ్లకు

పై పట్టిక అందరికీ కుదరదు. భూపాలపల్లి, గోదావరిఖని, మందమర్రి సింగరేణి కార్మికులకు షిఫ్టులు మారుతూ ఉంటాయి. కాజీపేట రైల్వే రన్నింగ్ స్టాఫ్‌కు ఇంటికొచ్చే వేళే తెలియదు. ఎనుమాముల మార్కెట్లో మిర్చి సీజన్ మొదలైతే హమాలీలకు ఒళ్లు వాల్చే తీరిక ఉండదు. 'ఉదయం 5 గంటలకు లేచి' అని రాసిన పట్టికలు వీళ్లను మొదటి వారంలోనే ఓడిస్తాయి. వీళ్లకు కొత్త నిబంధన పట్టిక తీసుకోండి: వారానికి 5 రోజులు, రోజుకు ఒకే అధ్యాయం. 5 చొప్పున 52 వారాలకు సరిగ్గా 260. వారంలో రెండు రోజులు విడుపు. చదివే సమయాన్ని గడియారానికి కాకుండా పనికి కట్టుకోవాలి, డ్యూటీనుంచి వచ్చి స్నానం చేసి, అన్నం ముందు కూర్చోకముందే. అన్నం తిన్నాక అయితే నిద్ర గెలుస్తుంది. కొత్తగా విశ్వాసంలోకి వచ్చినవాళ్లకు కూడా ఇదే సరైన మొదలు.

చిన్నపిల్లలున్న ఇంట్లో రాత్రి కుటుంబ ప్రార్థనకు ఇంకా తేలిక మార్గం సామెతలు. 31 అధ్యాయాలు, ఏ తేదీ అయితే ఆ అధ్యాయం. ఒక రోజు తప్పినా వెతుక్కోనక్కర్లేదు, తేదీ చూస్తే చాలు.

వాగ్దాన కార్డులు, క్యాలెండర్లు

31వ తేదీ రాత్రి వాచ్‌నైట్ ఆరాధన ముగిశాక పళ్లెంలోంచి ఒక వచనం రాసిన కార్డు తీసుకోవడం మన సంఘాల్లో ఎంతో ఇష్టమైన ఆచారం. రోజుకో వచనం అన్న పద్ధతి కొత్తది కాదు. జర్మనీలోని హెర్న్‌హుట్‌లో మొరేవియన్ విశ్వాసులు 1728లో రోజుకో వాక్యం ఇంటింటికీ చెప్పడం మొదలుపెట్టి, 1731 నుంచి ఏడాది మొత్తానికీ పుస్తకంగా అచ్చువేస్తూ వచ్చారు. వాళ్లు పాత నిబంధన వచనాన్ని చీటీ వేసి తీస్తారు, దానికి సరిపోయే కొత్త నిబంధన వచనాన్ని వెతికి జతచేస్తారు. అంటే ఒక్క వచనం ఒంటరిగా నిలబడదు. మన కార్డుల్లో లేనిది ఆ జత.

కార్డు మీద ఎక్కువగా కనబడేది యిర్మీయా 29:11, సమాధానకరమైన ఉద్దేశాల వచనం. దానికి ముందున్న 10వ వచనంలో 70 సంవత్సరాల మాట ఉంది. బబులోనుకు చెరపట్టబడిన జనానికి రాసిన ఉత్తరం అది. ఇళ్లు కట్టుకోండి, తోటలు నాటుకోండి, ఆ పట్టణం క్షేమం కోరండి అని అదే అధ్యాయం 5, 7 వచనాలు చెబుతాయి. తలగా ఉంటావు గాని తోకగా ఉండవన్న ద్వితీయోపదేశకాండము 28:13లో ఆజ్ఞలు విని గైకొంటేనే అన్న షరతు అదే వచనంలో ఉంది, కార్డు మీద చోటు చాలక అది ఎగిరిపోతుంది. పరీక్షలో తప్పిన పిల్లవాడు, ఉద్యోగం పోయిన తండ్రి జూన్‌లో ఆ కార్డు చూసి దేవుడు మాట తప్పాడనుకునే ప్రమాదం ఇక్కడే ఉంది. కాబట్టి కార్డు తీసుకోండి, బైబిల్లో పెట్టుకోండి, కానీ జనవరి మొదటి వారంలోనే ఆ అధ్యాయం మొత్తం చదివి, కార్డు వెనక నాలుగు సంగతులు రాయండి: ఎవరు చెప్పారు, ఎవరికి, ఎలాంటి సమయంలో, ఏం చేయమని. కార్డులు ముద్రించే సంఘ పెద్దలకు ఒక విన్నపం: వచనం కింద 'అధ్యాయం మొత్తం చదవండి' అని ఒక్క ముక్క వేయించండి.

గోడ క్యాలెండర్లలో నెలకో వచనం ఉన్నవాటికన్నా రోజుకో చీటీ చించేవి పిల్లలను బాగా పట్టుకుంటాయి. చించే వంతు ఎవరిదని కొట్లాడుకుంటారు కూడా. కొనేముందు పైన చీటీలను పట్టి ఉంచిన రేకు పట్టీ గట్టిగా ఉందో లేదో చూడండి. వదులుగా ఉంటే మార్చికల్లా గుత్తిగా ఊడి పడతాయి.

ఫోన్‌లో

యూవర్షన్ బైబిల్ యాప్ 2008 నుంచి ఉంది, ఉచితం, ప్రకటనల బెడద లేదు. పాత అనువాదంతో పాటు పైన చెప్పిన సులభ అనువాదాలు కూడా అందులో ఉన్నాయి. చదువు ప్రణాళికలో రోజులు తప్పితే తేదీలను జరిపి సరిచేసే సదుపాయం ఉంది, అక్షరం ఎంత పెద్దదైనా చేసుకోవచ్చు. కంటిచూపు తగ్గినవాళ్లకు, బస్సులో వరంగల్ నుంచి ములుగు వైపు వెళ్లొచ్చేవాళ్లకు ఆడియో పెద్ద ఆసరా. అయితే చదివేటప్పుడు ఫోన్ ఫ్లైట్ మోడ్‌లో ఉండాలి. మూడో వచనం దగ్గర వాట్సాప్ మోగితే ఐదో వచనం గుర్తుండదు. ఇంట్లో పుస్తకం, దారిలో ఫోన్ అని పెట్టుకోవడమే మంచిది.

డైరీ కొనక్కర్లేదు. 200 పేజీల మామూలు నోట్‌బుక్ చాలు. పేజీకి రెండు రోజుల చొప్పున 300 రోజులకు 150 పేజీలు. రోజుకు మూడే వరుసలు: చదివిన భాగం, పట్టుకున్న ఒక వచనం, ఈరోజు చేయాల్సిన ఒక పని. ఆ మూడోది 'ప్రేమగా ఉండాలి' లాంటిది కాకూడదు, 'పక్కింటి అక్కతో మాట్లాడాలి, తీసుకున్న 500 తిరిగివ్వాలి' లాంటిది కావాలి. మిగిలిన 50 పేజీలు ప్రార్థన విన్నపాలకు, ఒక వరుసలో అడిగిన తేదీ, ఎదురుగా జవాబు వచ్చిన తేదీ.

మీ సంఘంలో నిబంధన ఆరాధన, అంటే దేవునికి తమను తాము మళ్లీ అప్పగించుకునే ఆరాధన, జరిగితే తప్పకుండా వెళ్లండి. మెథడిస్టు ఉద్యమానికి ఆద్యుడైన జాన్ వెస్లీ 1755 ఆగస్టులో లండన్‌లో మొదలుపెట్టిన ఈ ఆరాధనను మెథడిస్టులు తర్వాత కొత్త సంవత్సరం మొదటి ఆదివారానికి తెచ్చుకున్నారు. మెదక్ వైపు వెస్లియన్ మిషన్ సంఘాలు 1947లో దక్షిణ ఇండియా సంఘంలో (సీఎస్ఐ) కలిసినప్పుడు ఇది కూడా వెంట వచ్చింది. పనిలో పెట్టినా పక్కన పెట్టినా నీవాడనే, నింపినా ఖాళీ చేసినా నీవాడనే అని దేవునితో చెప్పే ప్రార్థన అందులో ఉంది. ఆ ప్రార్థనను నోట్‌బుక్ మొదటి పేజీలో చేత్తో రాసుకుని, తేదీ వేసి, సంతకం చేసి, ఏడాది చదువు అక్కడినుంచి మొదలుపెట్టండి. వాగ్దానాల డబ్బా మనకేం వస్తుందో చెబుతుంది, ఈ ప్రార్థన మనం ఏమిస్తున్నామో అడుగుతుంది. కొత్త ఏడాదికి రెండోదే ముందు కావాలి.

పాత బైబిలు ఇంట్లో ఉండి, అక్షరం బాగుండి, అట్ట మాత్రమే ఊడితే కొత్తది కొనకండి. పుస్తకాల బైండింగు చేసేవాళ్ల దగ్గరికి డిసెంబర్ మొదటి వారంలోనే పట్టుకెళ్లండి, క్రిస్మస్ ముందు ఇస్తే చేతికి రాదు. మూడు మాటలు గట్టిగా చెప్పండి: అంటించొద్దు, కుట్టాలి, అంచులు కత్తిరించొద్దు, అవ్వ రాసుకున్న మాటలు ఆ అంచుల్లోనే ఉంటాయి, ముందూ వెనకా రెండేసి తెల్ల కాగితాలు చేర్చాలి. కొత్త పట్టిక అంటించుకోవడానికి చోటు అదే.